సుద్ద కలిసిన పరుపు మీద నా సంతకం

తెనాలిలో పరుపు కొనడానికి వచ్చిన మనిషి మొదట అడిగే మాట ఒకటే. "ఎన్ని కేజీలండి?"

ఈ వ్యాపారంలోకి కొత్తగా వస్తున్న చిన్నవాళ్ళకి అది వింతగా ఉండొచ్చు. మా రోజుల్లో పరుపంటే బూరుగు దూది. దూదిని ఎదురుగా తూయించి, ఎదురుగా కూర్చుని ఏకించుకుని, దగ్గరుండి కుట్టించుకునేవాళ్ళు. పది కేజీల పరుపు కంటే పన్నెండు కేజీల పరుపు గొప్పది. చుట్టాలకి పరుపు చూపించేటప్పుడు కూడా పొడవూ వెడల్పూ చెప్పరు, కేజీలే చెబుతారు.

అలాంటి జనం మధ్యకి ఎనభైల నడుమ ఫోమ్ పరుపు వచ్చింది. స్పాంజి పరుపు అనేవాళ్ళు. నేను షాపులో చేరిన మొదటి వారంలోనే అంగలకుదురు నుంచి ఒక పెద్దావిడ వచ్చి, ఆరడుగుల పరుపుని ఒక అంచు పట్టుకుని ఒంటి చేత్తో ఎత్తింది.

"ఏంటి బాబూ ఇది, దిండంత బరువు కూడా లేదు. లోపల ఏం పెట్టారు, గాలా?"

"గాలేనమ్మా" అన్నాను.

నిజమే చెప్పాను. ఫోమ్‌లో సరుకు తక్కువ, గాలి ఎక్కువ. ఆ గాలిని పట్టి ఉంచే గోడలు గట్టిగా ఉన్నాయా లేదా అన్నదే నాణ్యత. ఆవిడ అదంతా వినలేదు. పరుపు కింద పెట్టి, పక్క వీధిలో దూది కొట్టుకి వెళ్ళిపోయింది. లోపలి నుంచి ఓనరు గారు బయటికొచ్చి, "దివాణం గారూ, నిజాలు కోర్టులో చెప్పుకోండి, షాపులో కాదు" అన్నారు.

దివాణం అన్నది నాకు ఊళ్ళో ఉన్న పేరు. ఒకప్పుడు మా ఇంటిని అలా పిలిచేవాళ్ళు. ఇల్లు పోయింది, పొలాలు పోయాయి, పిలుపు మాత్రం వెటకారంగా మారి నా దగ్గర మిగిలింది. ఓనరు గారి గోడౌన్ ఉన్న స్థలం మా తాతగారి గుర్రబ్బండ్ల కొట్టం. గోడలకి కట్టిన ఇనప కడియాలు నేను పనిచేసే రోజుల్లో కూడా ఉండేవి. "మీ కొట్టంలో మీరే పనిచేయడం ఎలా ఉందండీ" అని ఒక తోటి గుమాస్తా అడిగాడు. గుర్రాలు కూడా పనిచేశాయి, సిగ్గుపడలేదు అన్నాను. మళ్ళీ అడగలేదు.

నన్ను పొగరుబోతు అన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళతో నాకు తగాదా లేదు. ఉన్నమాటే అన్నారు.

నాకు ఆ ఉద్యోగం ఎందుకిచ్చారో కూడా దాచను. సగంలో ఆగిన బీఎస్సీ చూసి కాదు. ఫోమ్ పరుపుని జనం నమ్మడం లేదు. నమ్మించడానికి ఐదేళ్ళ గ్యారంటీ కార్డు వేయించారు. దాని కింద ఒక సంతకం కావాలి. తెనాలి చుట్టుపక్కల మా ఇంటిపేరు తెలియని ఊరు లేదు. చేతికి ఎముక లేకుండా పెట్టి పోగొట్టుకున్నారన్న పేరే గాని, ఒకరిని ముంచారన్న పేరు మా వాళ్ళకి లేదు. ఆ పేరు ఓనరు గారికి కావలసి వచ్చింది.

"మీరేం చేయక్కర్లేదండి. కుర్చీలో కూర్చుని కార్డుల మీద సంతకం పెట్టడమే" అన్నారు.

"చూసి పెడతాను" అన్నాను.

"చూడండి, ఎవరొద్దన్నారు."

చూడటం ఎలాగో నాకూ తెలియదు. కంపెనీ పంపిన చిన్న పుస్తకం ఒకటి ఉంటే దాన్ని నెల రోజులు చదివాను. బరువు చూడాలి, అణిచిపెట్టి చూడాలి. ఫోమ్ ముక్కని సగం మందానికి నొక్కి, వేడిలో ఒక రోజంతా ఉంచి, వదిలేశాక ఎంత వరకు తిరిగి లేస్తుందో కొలవాలి. లేవని దాని ఆయుష్షు తక్కువ. పుస్తకంలో దానికి ఇనప పలకలు, వేడి పెట్టె రాశారు. మాకు మే నెల ఉంది, రేకుల షెడ్డు ఉంది. పలకలకి బదులు మా ఇంట్లో మిగిలిన భోజనాల పీటలు రెండు తెచ్చాను. పనస చెక్కవి. వాటి మీద ఉండే వెండి పువ్వుల్ని నాకు ముందు తరం వాళ్ళే పీకి అమ్ముకున్నారు కాబట్టి చదునుగా ఉన్నాయి. నాలుగు మూలలా బెజ్జాలు వేయించి బోల్టులు బిగించాను. నాలుగంగుళాల ముక్కని రెండంగుళాలకి బిగించి షెడ్డులో పెడితే, మర్నాడు విప్పాక మంచి ఫోమ్ మూడుముప్పావుకి పైనే లేచేది.

షాపంతా నవ్వింది. "దివాణంలో ఇప్పుడు స్పాంజికి విస్తరి వేస్తున్నారు" అన్నాడు ఆ గుమాస్తా. ఒక్క మేస్త్రి నవ్వలేదు.

మేస్త్రి గురించి చెప్పాలి. ముస్లిం పెద్దాయన. తాతల నుంచి దూది ఏకే పని. ఫోమ్ వచ్చాక ఆయన వింటికి పని తగ్గి, మా షాపులో పరుపులకి పైగుడ్డ కుట్టే పనిలో చేరాడు. ఏ దూదినైనా గుప్పెట్లో పట్టి వదిలి, అది విచ్చుకునే తీరు చూసి ఏ ఏటి కాయో చెప్పేవాడు. నా పీటల దగ్గరికి వచ్చి, బోల్టు వదిలాక ముక్క మెల్లగా లేవడం చూసి, "ఇదీ గుప్పెటే కదా బాబుగారూ. మీది చెక్క గుప్పెట" అన్నాడు. ఆ ఒక్క మాటకి ఆయన మీద నాకు గౌరవం ఏర్పడింది.

మూడేళ్ళు ప్రతి లాటులోనూ ముక్క కోసి పీటల మధ్య పెట్టాను. తరవాత మానేశాను. ఎందుకు మానేశానో అదే ఈ కథ.

ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, నాలుగంగుళాల మందం ఉన్న పరుపులో మంచి ఫోమ్ అయితే ఆరు కేజీలు తూగాలి. అంతకంటే తక్కువైతే వెనక్కి పంపమని పుస్తకం. మాకు కొత్త కంపెనీ సరుకు మొదలయ్యింది. తూస్తే ఎనిమిది. తరవాతి లాటు తొమ్మిది. చేత్తో నొక్కితే గట్టిగా ఉంది. కొనేవాళ్ళు ఎత్తి చూసి, "ఇదీ పరుపంటే" అన్నారు. అమ్మకం పెరిగింది. ఆరు ఉండాల్సిన చోట తొమ్మిది ఉంటే ఇంక పీటలెందుకు అనుకున్నాను. కేజీలు అడిగేవాళ్ళని చూసి లోలోపల నవ్వుకునే నేను, నాకు తెలియకుండానే కాటా దగ్గర వాళ్ళ పక్కన నిలబడ్డాను. వాళ్ళకి తెలియక అడిగారు. నేను పుస్తకం చదివి కూడా అదే చేశాను.

తొంభైల మొదట్లో రేపల్లెలో ఒక డాక్టరమ్మ గారి నర్సింగ్ హోముకి ఇరవై నాలుగు పరుపులు పంపాం. ఇరవై నాలుగు కార్డుల మీదా నా సంతకం, పూర్తి ఇంటిపేరుతో. నాలుగు నెలలకి ఆవిడ ఉత్తరం రాసి, కార్డులు కూడా దాంతో పంపేశారు. పరుపులు గుంటలు పడ్డాయి, మార్చండి అని.

ఓనరు గారు ఉత్తరం నా చేతికిచ్చి, "వెళ్ళి చూసిరండి. నీళ్ళు పడ్డాయని రాసి తీసుకురండి" అన్నారు. మా దగ్గర అది రివాజు. నీళ్ళు పడితే గ్యారంటీ వర్తించదని కార్డు వెనకాల చిన్న అక్షరాల్లో ఉండేది. ఆస్పత్రి పరుపు మీద నీళ్ళు పడలేదని ఎవరు నిరూపిస్తారు?

పొద్దున్న రేపల్లె పాసింజరు ఎక్కాను. నా సరుకు తొమ్మిది కేజీల సరుకు, అది గుంటపడటమేంటి అన్న నమ్మకంతోనే వెళ్ళాను. డాక్టరమ్మ గారు ఆపరేషన్‌లో ఉన్నారు. వార్డు చూపించింది అక్కడి ఆయమ్మ. నడివయసు మనిషి, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, చేతిలో బకెట్టుతో ఉంది.

నేను మొదటి మంచం దగ్గరే ఆగి, బకెట్టు వైపు చూసి, "నీళ్ళు పోసి కడుగుతారా వీటిని?" అన్నాను.

ఆమె బకెట్టు కింద పెట్టింది. "నేల కడుగుతాం బాబూ. పరుపులు కడిగే తెలివి మాకు లేదు."

"ఫోమ్ ఊరికే గుంటపడదమ్మా. తడిస్తేనే పడుతుంది."

"అయితే పడుకోండి."

"ఏంటి?"

"ఈ మంచం ఖాళీయే. అరగంట పడుకోండి. నేను ఆ చివర వార్డు తుడిచి వస్తాను. అప్పుడు చెబుదురుగాని ఎక్కడ తడిసిందో."

పరాయి చోట పగటిపూట నడుం వాల్చిన అలవాటు నాకు లేదు. అయినా తగ్గడం ఇష్టం లేక చెప్పులు విడిచి పడుకున్నాను. మొదట బాగానే ఉంది. పావుగంటకి నడుం కిందికి దిగడం మొదలుపెట్టింది. అరగంట కాకముందే మంచం ఇనప బద్ద నా తుంటి ఎముకకి తగిలింది. పరుపు ఉంది, నేను దాని మీద ఉన్నాను, ఇనుమూ తగులుతోంది.

పక్క మంచం మీద ఒకతను నన్నే చూస్తున్నాడు. తాడి గీసే మనిషి. చెట్టు మీద నుంచి పడి తొడ ఎముక విరిగితే, కాలికి బరువు వేలాడదీసి పడుకోబెట్టారు. కదలడానికి వీల్లేదు.

"తగిలిందా బాబూ?" అన్నాడు.

నేను లేచి కూర్చున్నాను.

"తాడిచెట్టు మీద నుంచి ఒక్కసారే పడ్డాను. దీని మీద రోజూ కొంచెం కొంచెం పడుతున్నాను."

తిరిగొచ్చిన ఆయమ్మ అతన్ని కొద్దిగా పక్కకి ఒత్తిగిలించి వీపు కింద చూపించింది. నడుం కింద రూపాయి బిళ్ళంత పుండు. దాని పక్కన ఇంకొకటి మొదలవుతోంది. "మీకు తగిలిన చోటే" అంది. అంతే. నేను ఆమెకి క్షమాపణ చెప్పలేదు. చెప్పాల్సింది. నోరు రాలేదు. నా పొగరు గురించి గొప్పలు పోతున్నాను కాబట్టి ఈ ముక్క కూడా రాయాలి.

నేను పడుకున్న పరుపుని చాపలా చుట్టి, తాడు కట్టించి, పాసింజరులో తెనాలి తెచ్చాను.

మేస్త్రి కుట్టు విప్పాడు. లోపలి ఫోమ్‌ని గుప్పెట్లో పట్టి నలిపి వదిలాడు. అది విచ్చుకోలేదు, బద్ధకంగా కదిలింది. అరచేతికి పిండిలాంటి పొడి అంటింది. నా నల్ల గొడుగు గుడ్డ మీద చెయ్యి తుడిచాడు. తెల్లటి వేళ్ళ గీతలు పడ్డాయి.

"సుద్ద బాబుగారూ."

"ఫోమ్‌లో సుద్ద ఎందుకు కలుపుతారు?"

"దూదిలో నీళ్ళు ఎందుకు చల్లుతారు? కాటా కోసం." ఆయన నింపాదిగా చెప్పాడు. "మనూళ్ళో అందరూ కేజీలే అడుగుతారు. వాళ్ళు కేజీలే పంపారు."

కొట్టం వెనక ఖాళీ స్థలంలో రెండు డబ్బా మూతలు పెట్టాం. ఒకదాంట్లో పాత కంపెనీ ముక్క, నేను మొదటి ఏడాది దాచుకున్నది. రెండోదాంట్లో రేపల్లె ముక్క. గాలికి అడ్డంగా నిలబడి అగ్గిపుల్ల గీశాం. పాతది కరిగి, నల్లటి జిగురు చుక్కలై మూతకి అంటుకుంది. రేపల్లెది కాలాక కూడా ముక్క ఆకారంలోనే తెల్లగా నిలబడింది. వేలు పెడితే బూడిదై రాలింది. దాని తోబుట్టువుని పీటల మధ్య బిగించి మర్నాడు విప్పితే మూడంగుళాలకి కూడా లేవలేదు. నేను మూడేళ్ళు చేసి, బరువు చూసి మానేసిన పరీక్ష అది. చేసి ఉంటే ఒక్క రోజులో తేలిపోయేది.

ఓనరు గారికి బూడిద చూపించాను. ఆయన చూడాల్సినంత సేపు చూసి, తలుపు వేయించారు.

"బాపట్లలో ట్రస్టు ఆస్పత్రి ఆర్డరు వచ్చింది. అరవై పరుపులు. ఎముకల వార్డుకి. ఇదే సరుకు లోడ్ అయి ఉంది" అన్నారు.

"దించేయండి."

"వాళ్ళు టెండర్లో ఏం రాశారో తెలుసా? పరుపు పది కేజీలకి తగ్గకూడదని. నేను రాయలేదు, వాళ్ళే రాశారు. ఆ ధరకి పది కేజీల పరుపు ఇంకెలా వస్తుంది? మీరు చెప్పండి."

"రాదు. ఆ మాటే వాళ్ళకి చెప్పండి."

ఆయన గొంతు తగ్గించారు. "ఒక పని చేద్దాం. బాపట్లలో మీరు సంతకం పెట్టండి. రేపల్లె ఇరవై నాలుగూ నేను మార్చేస్తాను, మంచి సరుకుతో. మీ మనసుకీ శాంతి. మీరు సంతకం పెట్టకపోతే రేపల్లెలో నీళ్ళు పడినట్టే."

మోకాలు ఎక్కడ నొక్కితే వంగుతుందో ఆయనకి బాగా తెలుసు. తాడి గీసే మనిషి వీపు కింది నుంచి ఆ పరుపు తీయించాలంటే, బాపట్లలో అరవైమంది విరిగిన ఎముకల వాళ్ళ వీపు కింద అదే పరుపు వేయించాలి. నేను ఏమీ అనకుండా లేచాను. మాట ఇవ్వలేదు. ఆయన దాన్ని ఒప్పుకోలు అనుకున్నారు. అనుకోనిచ్చాను.

బాపట్ల వెళ్ళింది ఆదివారం పూట. లారీ ముందు వెళ్ళింది, కుట్లు సరిచూడటానికి మేస్త్రి దాంట్లోనే వెళ్ళాడు. ఓనరు గారు, కంపెనీ ఏజెంటు, నేను కార్లో వెళ్ళాం. ఆస్పత్రి వరండాలో ట్రస్టు కార్యదర్శి కుర్చీ వేయించుకుని ఉన్నారు. రిటైరైన హెడ్మాస్టరు. పక్కన ఎముకల డాక్టరు, యువకుడు. వాళ్ళ ముందు పెద్ద కాటా. హెడ్మాస్టరు గారు దాన్ని మిల్లు నుంచి అద్దెకి తెప్పించారట. మొదటి పరుపు ఎక్కించారు. పదిన్నర. ఆయన మొహం వెలిగింది.

"చూశారా డాక్టరు గారూ, షరతు గట్టిగా రాస్తే సరుకు గట్టిగా వస్తుంది."

ఏజెంటు చేతులు కట్టుకుని, "తమరి షరతు చూసి మా కంపెనీవాళ్ళే ఆశ్చర్యపోయారు సార్" అన్నాడు.

ఓనరు గారు అంగీకార పత్రం నా ముందు పెట్టి పెన్ను ఇచ్చారు. నేను పెన్ను తీసుకుని జేబులో పెట్టుకున్నాను.

"మాస్టారూ, ఈ సైజు మంచి ఫోమ్ పరుపు ఆరు కేజీలుంటుంది. మీ ధరకి పదిన్నర ఉంటే, మిగిలిన నాలుగున్నర ఏంటో చూడాలి" అన్నాను.

హెడ్మాస్టరు గారు కళ్ళద్దాలు సరిచేసుకున్నారు. "అంటే నేను రాసిన షరతు తప్పంటారు."

"అవునండి, తప్పు. నేనూ అదే తప్పు చేశాను."

ఓనరు గారు నవ్వాలని చూశారు. "ఆయనకి కాస్త ఒంట్లో బాగాలేదండి, ఎండకి..."

నేను మేస్త్రి వైపు తిరిగాను. "ఆ పైన ఉన్న దాని కుట్టు విప్పండి మేస్త్రి గారూ."

ఆయన కూడా ఓనరు గారి జీతం తినే మనిషే. ఇంట్లో ఆరుగురు. ఆయన నా మొహం చూశాడు, ఓనరు గారి వైపు చూడలేదు. నడుం దగ్గరి చిన్న కత్తి తీసి, ఎక్కడా గుడ్డ చిరగకుండా జానెడు కుట్టు విప్పి, పిడికెడు ముక్క కోసి నా చేతిలో పెట్టాడు. నా సంచిలోంచి పాత కంపెనీ ముక్క తీశాను. ఆవరణలో రెండు మూతలు, ఒక అగ్గిపెట్టె. డాక్టరు వరండా దిగి వచ్చి దగ్గర నిలబడ్డాడు. హెడ్మాస్టరు గారు మెట్ల మీద నుంచే చూశారు.

ఒకటి నల్లగా కరిగింది. ఇంకొకటి తెల్లగా నిలబడింది. డాక్టరు లోపలికి వెళ్ళి, ల్యాబు నుంచి చిన్న సీసాలో యాసిడ్ తెచ్చి ఆ తెల్ల బూడిద మీద నాలుగు చుక్కలు వేశాడు. బుసబుసా పొంగింది.

"సుద్దే" అన్నాడు.

ఏజెంటు అప్పుడు తన ఆఖరి ఆయుధం తీశాడు. అది ఓనరు గారి సంచిలోంచే వచ్చింది. రేపల్లె డాక్టరమ్మ గారు పంపిన కార్డుల కట్ట. "సార్, ఇదే సరుకు రేపల్లెలో ఇరవై నాలుగు పరుపులు. బాగున్నాయని సంతకం పెట్టింది ఎవరో చూడండి. నాలుగు నెలల కిందట మంచిదైన సరుకు ఇవాళ చెడ్డదెలా అయింది? వీరికీ ఓనరు గారికీ ఏదో గొడవ సార్. పెద్దింటివారు, పట్టింపులు ఉంటాయి."

హెడ్మాస్టరు గారు పై కార్డు తీసి చదివారు. మా ఇంటిపేరు దగ్గర ఆగారు. ఆయనకి తెలుసు. తెలియని వాళ్ళు ఆ జిల్లాలో తక్కువ.

"ఇది మీ సంతకమేనా అండీ?"

కాదనడానికి దారులు ఉన్నాయి. ఎవరో నాలా పెట్టారని అనొచ్చు. చూడకుండా పెట్టించారని అనొచ్చు. నాకు ఆ రెండూ అక్కర్లేదు.

"నాదే. బరువు చూసి పెట్టాను, ఫోమ్ చూడలేదు. రేపల్లెలో కదలలేని మనిషి వీపుకి పుండు పడింది. అది ఆ సంతకం వల్ల పడింది. ఇక్కడ ఇంకో అరవై మందికి పడకూడదని ఇవాళ పెట్టడం లేదు."

"మీకు ఇంత తెలిసి, ఇన్నాళ్ళు..." అని ఆయన ఆపేశారు.

"అడగండి మాస్టారూ, అడగాల్సిందే. కానీ ముందు లారీ తిప్పి పంపించండి."

ఆయన కాటా వైపు చూశారు. తన షరతు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. డాక్టరు మెల్లగా, "మాస్టారూ, నా పేషెంట్లు పక్కకి కూడా తిరగలేరు" అన్నాడు. ఆ మాటతో లారీకి మళ్ళీ ఎక్కించమని ఆయన చెయ్యి ఊపారు.

ఓనరు గారు కారు దగ్గర నన్ను పట్టుకున్నారు. "మీ పేరు చూసి ఉద్యోగం ఇచ్చాను. నా షాపు పేరు తీశారు."

"నా పేరు వాడుకోవడానికే కదా తీసుకున్నారు. వాడాను."

"రేపట్నుంచి రావక్కర్లేదు. రేపల్లె సంగతి కూడా మరిచిపోండి. నీళ్ళు పడ్డాయి, అంతే."

"ఆ కార్డులు ఇవ్వండి."

"అవి షాపువి."

"సంతకం నాది."

ఆయన ఇవ్వరు. అయితే కార్డుల కట్ట అప్పటికి ఆయన దగ్గర లేదు, హెడ్మాస్టరు గారి ఒళ్ళో ఉంది. నేను మళ్ళీ మెట్లెక్కి, అవి రేపల్లె డాక్టరమ్మ గారివి, వారికి చేర్చాలి అని చెప్పాను. ఆయన కట్ట సర్ది నా చేతికిచ్చారు. అక్కడే బల్ల మీద కూర్చుని, జేబులో ఉన్న ఓనరు గారి పెన్నుతోనే, ఇరవై నాలుగు కార్డుల వెనకా రాశాను. పరుపు పాడైంది, కారణం ఫోమ్‌లో సుద్ద, వాడినవారి తప్పు లేదు, నీళ్ళు పడలేదు, పరీక్షించకుండా సంతకం పెట్టింది నేను. కింద పూర్తి ఇంటిపేరుతో సంతకం. పక్కన సాక్షిగా డాక్టరు సంతకం పెట్టాడు. షాపు గ్యారంటీ మీద షాపు మనిషే ఒప్పుకున్నాక ఇంక చిన్న అక్షరాలు పనిచేయవని అతనే అన్నాడు.

పెన్ను కారు బానెట్ మీద పెట్టి బస్టాండుకి నడిచాను.

తరవాత జరిగింది రెండు ముక్కల్లో చెబుతాను. డాక్టరమ్మ గారు ఆ కార్డుల్లో ఒకటి లాయరు చేత పంపేసరికి ఓనరు గారు నెల లోపలే రేపల్లెకి కొత్త పరుపులు పంపారు. మేస్త్రిని తీసేయడానికి ఆయనకి ధైర్యం చాలలేదు. అలా కుట్టే చెయ్యి తెనాలిలో ఇంకొకటి లేదు. బాపట్ల హెడ్మాస్టరు గారు కొత్త టెండరులో బరువు మాట తీసేసి, సరుకు దిగినరోజు పీటలతో రమ్మని నాకు కబురు పెట్టారు. వెళ్ళాను. ఆ తరవాత పదేళ్ళు ఏ షాపుకీ గుమాస్తాగా లేను. ఎవరు పిలిస్తే వాళ్ళ సరుకు చూశాను. బాగోలేనిది బాగోలేదని రాశాను. పిలవడం మానేసిన వాళ్ళు ఎక్కువే. నేను వాళ్ళ గుమ్మం ఎక్కలేదు.

కాని మీకు చెప్పాలనుకున్నది ఆ రోజు సాయంత్రం సంగతి.

బాపట్లలో బస్సెక్కి, మధ్యలో ఒక బస్సు మారి, పొద్దుండగానే రేపల్లె చేరాను. డాక్టరమ్మ గారికి కార్డులు ఇచ్చాను. ఆవిడ పై కార్డు చదివి, నన్ను కూర్చోమన్నారు. నేను వార్డులోకి వెళ్ళాలన్నాను.

ఆయమ్మ దీపాలు వేస్తోంది. నన్ను చూసి చేతిలో పని ఆపలేదు. "మళ్ళీ వచ్చారేంటి? ఏ మూల తడిసిందో కనిపెట్టారా?"

"తడవలేదమ్మా. ఫోమే మంచిది కాదు. మీరు నీళ్ళు పోయలేదు."

"ఆ సంగతి నాకు మొదటి రోజే తెలుసు."

"కాగితం మీద రాసి తెచ్చాను."

"నాకు చదువు రాదు. మీరే చదవండి" అంది. వార్డు వైపు తిరిగి, "అందరికీ వినబడేలా" అని కలిపింది.

నేను నిటారుగా నిలబడి కార్డు వెనక్కి తిప్పి చదివాను. పన్నెండు మంచాల మీది వాళ్ళూ విన్నారు. పరీక్షించకుండా సంతకం పెట్టింది నేను అన్న చోట గొంతు తగ్గించలేదు. ఇంటిపేరుతో సహా చదివాను. ముగించాక తాడి గీసే మనిషి, "ఇంతకీ దీన్ని తీస్తారా బాబూ, చదువుతూ ఉంటారా?" అన్నాడు.

ఆయమ్మ మూల నుంచి మందమైన బొంతలు నాలుగు తెచ్చి పక్క మంచం మీద పరిచింది. వార్డు బాయ్ అతని కాలు, బరువు కదలకుండా పట్టుకున్నాడు. ఇద్దరు అతన్ని దుప్పటితో సహా పక్కకి మార్చారు. ఆమె ఖాళీ పరుపు ఒక కొస ఎత్తి నా వైపు చూసింది.

"ఆ చివర పట్టుకోండి. బరువుంటుంది" అంది.

పట్టుకున్నాను.